రెండు ఒత్తులు

తాడిపత్రిలో నేను రాతి మీద పేర్లు చెక్కేవాణ్ణి.
గుడి మెట్లిచ్చిన దాతలు, బోరు వేయించిన లీడర్లు,
జననం అని, మరణం అని, నడుమ చిన్న గీత.
ఆ గీత చెక్కడానికి ఒక నిమిషం పడుతుంది.
మా అవ్వ ఇమాంబీ గోరీకి మాత్రం రాయి లేదు.
రాతిపనోళ్ల ఇల్లు కదా,
రేపు చేద్దాం, రేపు చేద్దాం అంటూ పద్దెనిమిదేళ్లు.

అవ్వకు ఒక అన్న. కుళ్ళాయప్ప.
గూగూడు పీరు ముందర మొక్కుకుంటే పుట్టినోడు.
దూది ఏకే ఇంట్లో వింటినారి మోతకు నిద్రపోయినోడు.
"మా అన్న పాదాలు శానా పెద్దవి రా,
యాడా చెప్పులు దొరికేవి కావు.
గుత్తిలో రైలెక్కి బెంగుళూరు పోయి
సర్కారు బూట్లు తొడుక్కున్నాక
ఒకసారి ఇంటికొచ్చి
గడప బయట ఇప్పకుండా నిలబడినాడు,
అమ్మ చూడల్లని."
ఆ మాట చెప్పినప్పుడల్లా
అవ్వ గడప వైపే చూసేది.

తర్వాత సముద్రం. ఇటలీ.
బాటలో పాతిన మందుపాతరలు
వేళ్లతో తడిమి తీసే పని.
తర్వాత ఒక కాగితం.
ఊర్లో ఇంగ్లీషు చదివేది పోస్టుమాస్టరొక్కడే.
ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకుని
మళ్లీ పెట్టుకోలేదంట.
నెలనెలా మనియార్డరు వచ్చేది.
ముత్తవ్వ వేలిముద్ర వేసేది,
లెక్కపెట్టుకునేది కాదు.

పోయినేడు మా ఫ్యాక్టరీ ఓబుళరెడ్డన్న
రాళ్ల ఎగ్జిబిషనుకని ఇటలీ పోతుంటే
నోరు తెరిచి అడిగినాను.
రైలు మారి, బస్సు మారి,
దారి తప్పి ద్రాక్షతోటలో ఎవరినో అడిగి
ఫోను కొట్టినాడు: "దొరికినాడప్పా మీ తాత."

ఫొటో వచ్చింది.
పిల్లోడి తల దువ్వినట్టు కత్తిరించిన గడ్డి.
తెల్లరాళ్ల వరుసలు.
సుబేదారుకూ సిపాయికీ ఒకటే ఎత్తు.
నేను మొదట ఏడవలేదు. పని చూసినాను.
అక్షరం లోతు సరిగ్గా ఉంది,
వాన నిలవకుండా అంచు ఏటవాలు.
మంచి చెయ్యి, ఎవడిదో గానీ.
ఆ తర్వాత పేరు చదివినాను.

కులయప.

ళ కింద ళ లేదు. ప కింద ప లేదు.
వాళ్ల అక్షరాలకు కింద ఏమీ వేలాడదు,
తప్పు చెక్కినోడిది కాదు.
కానీ ఫొటో పెద్దది చేసి చూసే కొద్దీ
పేరు మోకాళ్ల దగ్గర ఆగిపోయినట్టుంది.
అవ్వ మాకెప్పుడూ చెప్పనిది
ఆ కాగితంలో రాసి ఉండేదేమో.

ఆ రాత్రి మిషను ఆపేసి, ఉలితోనే,
అరచెయ్యంత నల్లరాయి మీద
కుళ్ళాయప్ప అని చెక్కినాను.
రెండు ఒత్తులూ లోతుగా దించినాను.
ఈ ఏడు శాంపిల్ రాళ్ల నడుమ
ఓబుళరెడ్డన్న పెట్టెలో పోయింది.

అక్కడ ఉంచనీరంట.
అందరికీ ఒకే రాయి, అది వాళ్ల నియమం.
మంచి నియమమే.
గడ్డి కత్తిరించే ముసలాయన
గంటసేపు పెట్టుకోమని సైగ చేసి
టోపీ తీసి పక్కకు పోయినాడంట.
రెడ్డన్నకు ఫాతెహా రాదు.
నేను ఇక్కడ చదువుతుంటే
ఫోను స్పీకరు పెట్టి రాయి దగ్గర పట్టుకున్నాడు.
నడుమ సిగ్నలు తెగింది.
మళ్లీ మొదట్నుంచి చదివినాను.

రాయి తిరిగొచ్చింది.
అవ్వ గోరీకి కాళ్ల వైపు పాతినాను.
కడిగి పెట్టమన్నారు ఇంట్లోవాళ్లు.
ళ ఒత్తు సుడిలో ఇంకా కొంచెం
ఆ ఊరి మట్టి ఉంది,
మన మట్టి కంటే నలుపు, మెత్తన.
కడగలేదు.
ఈ సీమలో వాన ఎప్పుడొస్తుందో,
వచ్చినా
అది అవ్వ మీదికే కదా జారేది.